లిబ్‌మెష్‌లో ఒక్కో చలరాశికి విడిగా నార్మ్: చెన్నైలో మూడేళ్లు వాడిన తరువాత

చెన్నై పెరుంగుడిలో మాది పదిమంది లోపు ఇంజినీర్లున్న చిన్న కార్యాలయం. మాలో సగం మందిమి నెల్లూరు, గుంటూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లమే కాబట్టి, తెరమీద ఉన్నవి ఏ భాష అక్షరాలైనా వాటిపై వాదన మాత్రం తెలుగులోనే సాగుతుంది. బ్యాటరీలను చల్లబరిచే అల్యూమినియం పలకల్లో వేడి ఎలా పారుతుందో, ఆ వేడికి పలక ఎంత వంగుతుందో లెక్కించడం మా పని. దీనికోసం మూడేళ్లుగా లిబ్‌మెష్ అనే పరిమిత మూలక పద్ధతి (వస్తువును చిన్న చిన్న మూలకాలుగా విడగొట్టి లెక్కించే పద్ధతి) గ్రంథాలయాన్ని, అంటే మన ప్రోగ్రాముల్లో వాడుకునే సిద్ధమైన కోడ్ సముదాయాన్ని, వాడుతున్నాం. 2002లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో మొదలై, జర్మనీలోని హాంబర్గ్-హార్బుర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి కూడా తోడ్పాటు అందుకున్న ఈ సీ ప్లస్ ప్లస్ గ్రంథాలయం గురించి మొత్తంగా రాయాలంటే చాలా ఉంది. ఇక్కడ నేను సమీక్షించేది అందులోని ఒకే ఒక సౌకర్యాన్ని: అనేక చలరాశులు కలగలిసి ఉన్న సాధన సదిశ (జవాబు అంకెలన్నింటి వరుస) నుంచి, మనం కోరిన ఒక్క చలరాశికి మాత్రమే నార్మ్, అంటే ఆ వరుస మొత్తం మీద ఎంత పెద్దదో చెప్పే ఒకే అంకె, లెక్కించి ఇవ్వడం. చూడటానికి చిన్నదైన ఈ సౌకర్యం మా నివేదికలను ఎంత మార్చిందో చెప్పాలంటే, అది వాడక ముందు జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెట్టాలి.

పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న పలక అది. పలకను మూలకాలుగా విడగొట్టే అల్లిక, అంటే మెష్‌లో, మూలకాలు కలిసే బిందువులు, అంటే నోడ్లు, ఇంచుమించు 20,000 ఉన్నాయి. ప్రతి నోడ్ దగ్గరా మూడు దిశల స్థానభ్రంశాలూ ఒక ఉష్ణోగ్రతా తెలియని రాశులు. నాలుగింటినీ ఒకే వ్యవస్థగా పెట్టి న్యూటన్ పద్ధతిలో, అంటే ఒక అంచనాతో మొదలుపెట్టి ప్రతి ఆవృత్తిలో (ఇటరేషన్‌లో) దానిని సరిచేసుకుంటూ, సాధిస్తున్నాం. ఇటరేషన్‌కూ ఇటరేషన్‌కూ మధ్య సాధనలో వచ్చిన మార్పు నార్మ్‌ను మొత్తం సాధన నార్మ్‌తో భాగించినప్పుడు, ఆ నిష్పత్తి లక్షలో ఒక వంతు కన్నా తక్కువైతే ఆగిపొమ్మని షరతు పెట్టుకున్నాం. నాలుగో ఇటరేషన్‌లో నిష్పత్తి పది లక్షలకు మూడు వంతుల దగ్గరికి వచ్చింది, సాల్వర్ ఆగింది, మేమూ సంతోషించాం. సూళ్లూరుపేట నుంచి రోజూ సబర్బన్ రైల్లో వచ్చే మా కుర్రాడొకడు మాత్రం, షరతు తీసేసి మరో ఇటరేషన్ నడిపి చూసి, "అన్నా, ఉష్ణోగ్రత కదలడం లేదు గానీ బోల్టుల దగ్గర పలక ఇంకా లేస్తానే ఉంది, ఇది నిజంగా ఆగినట్టేనా?" అని అడిగాడు. ఆగలేదు. మందం దిశలో స్థానభ్రంశం సుమారు 20 మైక్రాన్లు ఉంటే, ఆ ఒక్క ఇటరేషన్‌లోనే అది రెండు మైక్రాన్లు, అంటే పదో వంతు, మారింది. బోల్టు రంధ్రాల చుట్టూ లోహం సాగుదల హద్దు దాటి, మళ్లీ పాత ఆకారానికి రాని ప్లాస్టిక్ దశలోకి వెళ్తుండటమే అందుకు కారణం. నివేదిక పంపవలసింది ఆ మరునాడే.

ఇలా ఎందుకు జరిగిందో కాగితం మీద వేసుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ముందే ఎందుకు వేసుకోలేదన్న బాధ మాత్రం చాలా రోజులు ఉంటుంది. ఉష్ణోగ్రత ప్రతి నోడ్ దగ్గరా 320 కెల్విన్ల చుట్టూ ఉంది. దాని వర్గాలను 20,000 నోడ్లకూ కూడితే 204.8 కోట్లు వస్తుంది. మందం దిశ స్థానభ్రంశం మీటర్లలో 0.00002. దాని వర్గాలను అన్ని నోడ్లకూ కూడినా వచ్చేది 0.000008 మాత్రమే. ఈ రెండింటినీ ఒకే మొత్తంలో వేసి వర్గమూలం తీస్తే, స్థానభ్రంశం గుంపులో గోవిందయ్య అవుతుంది. కంప్యూటరు సంఖ్యలను దాచే డబుల్ ప్రెసిషన్ రూపంలో సుమారు 16 అంకెలే నిలుస్తాయి కాబట్టి, ఉష్ణోగ్రతల వర్గాలను ముందు కూడి, ఆ తరువాత ఒక్కో నోడ్ స్థానభ్రంశ వర్గాన్ని దానిపై వేస్తూ పోతే ఒక్కటి కూడా మొత్తంలో నమోదు కాదు. మార్పు సదిశ సంగతీ అంతే. ఉష్ణోగ్రతలో మార్పు నోడ్‌కు వెయ్యో వంతు కెల్విన్, స్థానభ్రంశంలో మార్పు రెండు మైక్రాన్లు. మొదటిదాని నార్మ్ 0.1414, రెండోదాని నార్మ్ 0.00028. మొత్తం నార్మ్ అంటూ మనకు అచ్చయ్యేది కేవలం ఉష్ణోగ్రత నార్మే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. అదే లెక్కను కెల్విన్లలో కాక సెల్సియస్ డిగ్రీలలో చేసి ఉంటే, 320 స్థానంలో ఇంచుమించు 47 ఉండేది. వెయ్యో వంతు డిగ్రీ మార్పును 47తో భాగిస్తే పది లక్షలకు ఇరవై ఒక్క వంతులు వస్తాయి, మా షరతు నెరవేరేది కాదు, సాల్వర్ నాలుగో ఇటరేషన్‌లో ఆగేదీ కాదు. అంటే సాధన పూర్తయిందా లేదా అన్న తీర్పు, పలకలో ఏమి జరుగుతోందన్న దాని మీద కాక, ఉష్ణోగ్రతకు సున్నాను ఎక్కడ పెట్టుకున్నామన్న దాని మీద ఆధారపడింది. మీటర్లనూ కెల్విన్లనూ వర్గం చేసి కూడటం మానికలనూ గజాలనూ కలిపి కూడటం లాంటిదే. సాఫ్ట్‌వేర్ అడగ్గానే ఒక అంకె ఇస్తుంది కాబట్టి ఆ అంకెకు అర్థం ఉందని అనుకుంటాం.

నార్మ్‌ను విడగొట్టాలని నిర్ణయించుకున్న తరువాత మా కుర్రాడు మొదట చేసిన పని, సదిశలో మూడో స్థానం నుంచి మొదలుపెట్టి ప్రతి నాలుగో అంకెనూ ఏరడం. నోడ్‌కు నాలుగు రాశులు కాబట్టి అవి వరుసగా నాలుగేసి ఉంటాయని అతని అంచనా. వచ్చిన నార్మ్ 22,600 దగ్గర ఉంది! మైక్రాన్లలో ఉండవలసిన స్థానభ్రంశానికి అది అసాధ్యమని చూడగానే తెలిసిపోయింది. కారణమేమంటే, లిబ్‌మెష్ సాధారణంగా ఒక్కో ప్రాసెసర్ వాటాలో ముందు మొదటి చలరాశి గుణకాలన్నింటినీ (ఇక్కడ నోడ్ల దగ్గర దాని విలువలను), తరువాత రెండోదాని గుణకాలన్నింటినీ వరుసగా పేరుస్తుంది. నోడ్ వారీగా పేర్చమని మనం ప్రత్యేకంగా చెబితేనే అలా పేరుస్తుంది. అతను ఏరిన అంకెల్లో నాలుగో వంతు ఉష్ణోగ్రతలే. 320ని 5,000 వర్గమూలంతో గుణిస్తే వచ్చేది 22,600 కాబట్టి లెక్క కూడా సరిగ్గా సరిపోయింది. ప్రవాహ సమస్యల్లో అయితే నోడ్ వారీ పేర్పు కోరుకున్నా ఈ ఉపాయం పనిచేయదు. వేగానికి రెండో తరగతి మూలకాలూ, పీడనానికి మొదటి తరగతి మూలకాలూ వాడే టేలర్-హుడ్ అమరికలో కొన్ని నోడ్ల దగ్గర పీడనం అసలు ఉండదు, వరుస సమానంగా సాగదు. ఏ గుణకం ఏ చలరాశిదో తెలిసినది గ్రంథాలయం లోపలి పట్టికకే. కాబట్టి నార్మ్‌ను విడగొట్టే పని గ్రంథాలయమే చేయాలి.

లిబ్‌మెష్ ఆ పని చేస్తుంది. సిస్టమ్ (వ్యవస్థ) అనే తరగతిలో, అంటే సీ ప్లస్ ప్లస్ క్లాస్‌లో, కాలిక్యులేట్ నార్మ్ అనే ప్రమేయం ఉంది. దానికి సదిశనూ, చలరాశి సంఖ్యనూ, ఏ రకం నార్మ్ కావాలో ఆ పేరునూ ఇస్తే జవాబు వస్తుంది. అన్ని చలరాశులకూ ఒకేసారి, ఒక్కోదానికి ఒక్కో రకం నార్మ్, ఒక్కో భారం ఇచ్చి అడగడానికి సిస్టమ్ నార్మ్ అనే మరో తరగతి ఉంది. భారం సున్నా పెట్టిన చలరాశి లెక్కలోకి రాదు. మేము రెండో దారిని తక్కువగానే వాడతాం. మూడు దిశల స్థానభ్రంశాలకు కలిపి ఒకే అంకె కావాలన్నా, మూడు నార్మ్‌లను విడివిడిగా అడిగి, వర్గం చేసి, కూడి, వర్గమూలం మేమే తీసుకుంటాం. నాలుగు వరుసల కోడ్ ఎక్కువైనా, ఏది దేనితో కలిసిందో ఆరు నెలల తరువాత చదివేవాడికి కూడా స్పష్టంగా కనపడుతుంది.

ఈ సౌకర్యంలో అసలైన విలువ నార్మ్ రకాల దగ్గర ఉంది, కొత్తగా వాడేవారు తడబడేదీ అక్కడే. ఇంటర్మీడియట్‌లో తెలుగు అకాడమీ పుస్తకాలు చదివినవారికి సదిశ పరిమాణం అంటే అంశాల వర్గాల మొత్తానికి వర్గమూలమని తెలుసు. లిబ్‌మెష్ దానిని వివిక్త ఎల్‌2 నార్మ్ అంటుంది. అది గుణకాల వరుసను ఒట్టి అంకెల వరుసగానే చూస్తుంది. దానికి మూలకం పరిమాణం తెలియదు, పలక ఆకారం తెలియదు. ఇందుకు భిన్నంగా ఎల్‌2 అని మాత్రమే అడిగితే, గ్రంథాలయం ప్రతి మూలకం లోపలికీ వెళ్లి, ఆకార ప్రమేయాలతో (నోడ్ల విలువల మధ్య చలరాశి ఎలా మారుతుందో చెప్పే ప్రమేయాలతో) ఆ చలరాశిని ప్రతి బిందువు దగ్గరా విలువ ఉన్న ఒక క్షేత్రంగా నిర్మించి, దాని వర్గాన్ని ఘనపరిమాణం మీద సమాకలనం చేసి, చివర వర్గమూలం తీస్తుంది. హెచ్1 అని అడిగితే క్షేత్రంతో పాటు దాని అవకలజాల వర్గాలను కూడా కలుపుతుంది. హెచ్1 సెమీనార్మ్ అంటే అవకలజాలు మాత్రమే. వీటికి తోడు గరిష్ఠ విలువను ఇచ్చేవి, పరమ విలువల మొత్తాన్ని ఇచ్చేవి, సదిశ మూలకాలకు పనికివచ్చే కర్ల్, డైవర్జెన్స్ రకాలు కూడా ఉన్నాయి.

తేడా ఎంతో మా పలకతోనే చూడవచ్చు. ఉష్ణోగ్రత అంతటా 320 కెల్విన్లే అనుకుందాం. 20,000 నోడ్ల మీద వివిక్త ఎల్‌2 నార్మ్ సుమారు 45,255. మెష్‌లోని ప్రతి మూలకాన్నీ మూడు దిశల్లోనూ సగానికి నరికితే నోడ్లు దాదాపు ఎనిమిది రెట్లై 1,60,000 అవుతాయి, నార్మ్ 1,28,000 అవుతుంది. పలకలో ఏ మార్పూ లేదు, ఉష్ణోగ్రత అదే, అయినా అంకె దాదాపు మూడింతలైంది. ఎల్‌2 క్షేత్ర నార్మ్ మాత్రం రెండు మెష్‌ల మీదా 3.2 దగ్గరే నిలుస్తుంది, ఎందుకంటే పలక ఘనపరిమాణం ఘనమీటరులో పదివేలో వంతు, దాని వర్గమూలం వందో వంతు. ఈ 3.2ను ఘనపరిమాణపు వర్గమూలంతో భాగిస్తే మళ్లీ 320 వస్తుంది, అంటే వర్గాల సగటుకు వర్గమూలం, నేరుగా చదువుకోగల విలువ. మేము నివేదికల్లో అచ్చువేసేది దానినే, దాని ప్రమాణం కెల్విన్ అని చెప్పగలం కాబట్టి. రెండు మెష్‌ల ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చే ఏ పట్టికలోనైనా వివిక్త నార్మ్ కనిపిస్తే దానిని నమ్మవద్దని మా కార్యాలయంలో కొత్తవాళ్లకు మొదటి వారంలోనే చెబుతాం.

అలాగని వివిక్త నార్మ్ పనికిరానిది కాదు. ఈ విషయం తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. న్యూటన్ పద్ధతిలో మనం రెండు సదిశలను గమనిస్తాం. ఒకటి సాధనలో మార్పు, రెండోది రెసిడ్యువల్, అంటే సమీకరణాలు ఇంకా ఎంత కుదరలేదో చెప్పే సదిశ. మొదటిదాని గుణకాలు నిజంగానే ఒక క్షేత్రానివి, ఆకార ప్రమేయాలతో గుణించి కూడితే మనకు స్థానభ్రంశమో ఉష్ణోగ్రతో వస్తుంది, కాబట్టి దానికి ఎల్‌2, హెచ్1 నార్మ్‌లు సహజంగా నప్పుతాయి. రెండోదాని గుణకాలు అలాంటివి కావు. అవి ఒక్కో ఆకార ప్రమేయంతో ఇదివరకే సమాకలనం చేయగా వచ్చిన రాశులు. స్థానభ్రంశ సమీకరణాల్లో అవి న్యూటన్లు, ఉష్ణ సమీకరణంలో అవి వాట్లు. వాటిని మళ్లీ ఆకార ప్రమేయాలతో గుణించి సమాకలనం చేస్తే ఘనపరిమాణం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, వచ్చిన అంకెకు భౌతికార్థం ఉండదు. ప్రమేయం మాత్రం ఏ సదిశనిచ్చినా అడ్డు చెప్పకుండా లెక్కించి ఇస్తుంది, ఎందుకంటే తన చేతికి వచ్చిన సదిశ ఎలాంటిదో తెలుసుకునే మార్గం దానికి లేదు. కాబట్టి రెసిడ్యువల్‌కు చలరాశి వారీగా వివిక్త నార్మ్, సాధనలో మార్పుకు చలరాశి వారీగా క్షేత్ర నార్మ్ అన్న నియమం పెట్టుకున్నాం. రెసిడ్యువల్‌ను ఆ చలరాశికే చెందిన మొదటి ఇటరేషన్ విలువతో పోలుస్తాం కాబట్టి మెష్ పరిమాణపు ప్రభావం చాలావరకు అక్కడికక్కడే కొట్టుకుపోతుంది.

ప్రవాహ సమస్యల్లో పీడనానికి ఇంకో చిక్కు ఉంది. అన్ని వైపులా గోడలున్న పాత్రలో, కుదించలేని ద్రవానికి పీడనం ఒక స్థిరాంకం మేరకు అనిశ్చితం, ఏదో ఒక బిందువు దగ్గర సున్నా అని మనమే బిగిస్తాం. ఆ బిందువును మారిస్తే పీడన క్షేత్రమంతా ఒకే మొత్తంలో పైకో కిందికో జరుగుతుంది, దానితో ఎల్‌2 నార్మ్ మారిపోతుంది, ద్రవం కదలికలో మాత్రం తేడా ఉండదు. హెచ్1 సెమీనార్మ్ అవకలజాలనే చూస్తుంది కాబట్టి ఈ జరుగుబాటు దానికి పట్టదు. ఒక్కో చలరాశికి ఒక్కో రకం నార్మ్ ఎంచుకునే వీలు ఎందుకు ఉండాలని ఎవరైనా అడిగితే నేను చూపించే ఉదాహరణ ఇదే.

ముందుగా తయారుచేసుకున్న కచ్చితమైన జవాబుతో పోల్చి కోడ్‌ను పరీక్షించడానికి లిబ్‌మెష్‌లో వేరే తరగతి ఉంది. అది కూడా వ్యవస్థ పేరు, చలరాశి పేరు ఇవ్వమంటుంది, ఒక్కోదాని ఎల్‌2, హెచ్1 దోషాలను విడిగా ఇస్తుంది. టేలర్-హుడ్ అమరికలో, సాధన తగినంత నునుపుగా ఉంటే, మూలకం పొడవును సగం చేసినప్పుడు వేగంలో ఎల్‌2 దోషం ఎనిమిదో వంతుకూ, పీడనంలో నాలుగో వంతుకూ తగ్గాలి. ఒకే నార్మ్‌లో రెండింటినీ కలిపి ఉంటే, ఏది పెద్దదైతే దాని రేటే కనపడి, రెండోదానిలోని తప్పు దాక్కుంటుంది. మా ప్రవాహ కోడ్‌లో పీడనపు హద్దు షరతు ఒకటి తప్పుగా రాసిన సంగతి ఇలాగే పట్టుబడింది. వేగం ఎనిమిదో వంతుకు చక్కగా తగ్గుతుంటే, పీడనం సగానికి మాత్రమే తగ్గింది.

వాడేటప్పుడు జాగ్రత్త పడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది సమాంతర గణన, అంటే ఒకే లెక్కను అనేక ప్రాసెసర్లు పంచుకుని చేయడం. చలరాశి నార్మ్ లెక్కించేటప్పుడు ప్రతి ప్రాసెసర్ తన వాటా మొత్తాన్ని కూడి, ఆపై అందరి మొత్తాలనూ కలుపుతుంది, కాబట్టి ఆ ప్రమేయాన్ని అన్ని ప్రాసెసర్లూ ఒకేసారి పిలవాలి. మా కుర్రాడు మొదటి ప్రాసెసర్ మీద మాత్రమే అచ్చువేయాలన్న షరతు లోపల, అచ్చువేసే వరుసలోనే ఆ ప్రమేయాన్ని పిలిచాడు. ఒక్క ప్రాసెసర్ మీద పరీక్షించినప్పుడు బాగానే నడిచింది. ఎనిమిది మీద పెట్టి సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి చూస్తే మొదటి ఇటరేషన్ కూడా పూర్తికాలేదు, ఒక ప్రాసెసర్ మిగతావాటి మొత్తాల కోసం రాత్రంతా కాచుకుని కూర్చుంది. దోషం మాదే. నార్మ్‌ను షరతుకు ముందే లెక్కించి ఒక పేరులో దాచుకుని, అచ్చు మాత్రమే షరతులో పెడితే సరిపోతుంది.

రెండోది వేగం. వివిక్త నార్మ్ అడిగిన ప్రతిసారీ, ఆ చలరాశికి చెందిన గుణకాల స్థానాలేవో తెలుసుకోవడానికి గ్రంథాలయం తన వాటాలోని మూలకాలన్నింటినీ తిరిగి ఒక జాబితా తయారుచేసుకుంటుంది. ఇటరేషన్‌కు ఒకటి రెండుసార్లు అడిగితే ఇది లెక్కలోకి రాదు. వేల కాలదశలు, దశకు ఐదారు ఇటరేషన్లు, ఇటరేషన్‌కు నాలుగు చలరాశులు అయ్యేసరికి తెలుస్తుంది. మెష్ మారనంత కాలం ఆ జాబితా మారదు కాబట్టి, మేము దానిని ఒకసారి తయారుచేసి దాచుకుని, ఇచ్చిన స్థానాలకు మాత్రమే నార్మ్ లెక్కించే సదిశ ప్రమేయాన్ని నేరుగా పిలుస్తాం. ఆ ప్రమేయం కూడా గ్రంథాలయంలో సిద్ధంగా ఉంది, మేము రాసుకున్నది దాచుకునే పది వరుసలే. ఈ దాచే ఏర్పాటు లోపలే ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

గరిష్ఠ విలువను క్షేత్ర నార్మ్‌గా అడిగినప్పుడు అది సమాకలన బిందువుల (సమాకలనం కోసం మూలకం లోపల ఎంచుకున్న కొన్ని బిందువుల) దగ్గర మాత్రమే చూస్తుందని కూడా గుర్తుపెట్టుకోవాలి. పలక అంచున, మూలకం కొసన ఉన్న అత్యధిక ఉష్ణోగ్రత దానికి కనిపించకపోవచ్చు. గుణకాలే నోడ్ల విలువలైన లగ్రాంజ్ మూలకాలు వాడుతుంటే వివిక్త గరిష్ఠ నార్మ్ నోడ్ల విలువలనే ఇస్తుంది కాబట్టి అక్కడ అదే మేలు. కింది తరగతికి అదనపు పదాలు చేరుస్తూ పోయే హైరార్కిక్ మూలకాల్లో పై తరగతి గుణకాలు ఏ బిందువు దగ్గరి విలువా కావు, అందువల్ల అక్కడ ఆ రెండో దారి కూడా మూసుకుపోతుంది. అడాప్టివ్ పద్ధతిలో మెష్‌ను అక్కడక్కడా సన్నం చేసినప్పుడు వేలాడే నోడ్ల (సన్నని మూలకాలకు ఉండి పక్కనున్న పెద్ద మూలకానికి లేని నోడ్ల) గుణకాలు పక్క నోడ్ల నుంచి వచ్చేవే అయినా, వివిక్త నార్మ్ వాటిని కూడా కూడుతుంది. సాధన మార్పుకు క్షేత్ర నార్మ్ వాడుతుండటం వల్ల మాకు ఇది పెద్దగా అడ్డు కాలేదు.

గ్రంథాలయంతో వచ్చే ఉదాహరణ ప్రోగ్రాములు ఎంతో ఉపకారం చేస్తాయి, నేను లిబ్‌మెష్ నేర్చుకున్నది వాటితోనే. అయితే పై మూత కదిలే పాత్రలోని ప్రవాహానికి సంబంధించిన నేవియర్-స్టోక్స్ ఉదాహరణలో, ఇటరేషన్ల మధ్య మార్పును మొత్తం సదిశ ఎల్‌2 నార్మ్‌తోనే కొలుస్తారు. ప్రమాణాలు లేని రూపంలో రాసిన ఆ సమస్యకు అది చాలు. కానీ విద్యార్థులు ఆ ఫైలునే తీసుకుని, పాస్కల్‌లలో పీడనం, మీటర్లలో కొలతలు పెట్టి తమ సమస్య రాసుకుంటారు, నార్మ్ లెక్కించే వరుస మాత్రం అలాగే ఉండిపోతుంది. మేము చేసిందీ అదే. ఆ చోట చలరాశి వారీ నార్మ్‌ను చూపించి, ఎందుకో రెండు వాక్యాలు రాస్తే ఎందరికో రోజులకు రోజులు మిగులుతాయి. ప్రమేయం వివరణ పుటల్లో కూడా నార్మ్‌ల పేర్లు ఉన్నాయి గానీ, రెసిడ్యువల్‌కు ఏది వాడాలో, సాధనకు ఏది వాడాలో చెప్పే మాట నాకు కనపడలేదు.

ముందే ప్రమాణాలు లేని రూపంలోకి మార్చుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అని మా పెద్దాయన ఒకరు వాదిస్తుంటారు. ఆయన మాటలో చాలా నిజం ఉంది, మార్చుకోగలిగినప్పుడు మార్చుకోవలసిందే. కాని మార్చుకోవాలంటే స్థానభ్రంశం ఏ మేరకు ఉంటుందో ముందే తెలియాలి. ప్లాస్టిక్ దశ మొదలైతే ఆ అంచనా పది రెట్లు తప్పవచ్చు. విడి నార్మ్ అంచనా అడగదు, ఉన్నది చూపిస్తుంది.

ఇతర సాఫ్ట్‌వేర్లతో పోలిస్తే లిబ్‌మెష్ ఎక్కడ నిలుస్తుందో క్లుప్తంగా చెబుతాను. డీల్‌టూ అనే మరో పరిమిత మూలక గ్రంథాలయంలో సదిశనే చలరాశుల వారీగా ఖండాలుగా కట్టుకోవచ్చు, ఖండాన్ని అడిగి నేరుగా దాని నార్మ్ తీసుకోవచ్చు. ఆ అమరిక నాకు నచ్చుతుంది, కాకపోతే దానిని మొదటి రోజే నిర్ణయించుకోవాలి. సమీకరణాలను సాధించడానికి లిబ్‌మెష్ వాడుకునే పెట్‌సీ గ్రంథాలయంలో సమాన ఎడంలో ఉన్న అంశాలకు నార్మ్ ఇచ్చే ప్రమేయం ఉంది, అది వేగవంతమైనదే గానీ అన్ని చలరాశులూ అన్ని నోడ్ల దగ్గరా ఉండి, నోడ్ వారీగా పేర్చినప్పుడే పనికొస్తుంది. అబాకస్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్ బలాలకూ ఉష్ణ ప్రవాహానికీ సమతౌల్యాన్ని విడివిడిగా పరీక్షించి, దేనికదే నెరవేరితేనే ముందుకు పోతుంది. ఐడహో జాతీయ ప్రయోగశాల లిబ్‌మెష్, పెట్‌సీల మీద కట్టిన మూస్‌లో, ఇన్‌పుట్ ఫైలులో ఒక్క వరుస చేరిస్తే ప్రతి ఇటరేషన్‌లోనూ చలరాశి వారీ రెసిడ్యువల్ నార్మ్‌లు అచ్చవుతాయి. సొంత కోడ్ రాయడం ఇష్టం లేనివారు నేరుగా మూస్ దగ్గరికే వెళ్లడం మంచిది. లిబ్‌మెష్‌లో విడి నార్మ్‌లు అడిగితే వస్తాయి గానీ, సాల్వర్ ఎప్పుడు ఆగాలో నిర్ణయించే షరతులోకి వాటిని మనమే చేర్చుకోవాలి.

ఖర్చు గురించి అడిగేవారి కోసం: లిబ్‌మెష్ ఎల్‌జీపీఎల్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతుంది. మాకు పట్టిందల్లా పదహారు కోర్ల యంత్రం ఒకటీ, ముందు పెట్‌సీనీ ఆ తరువాత లిబ్‌మెష్‌నీ కంపైల్ చేసుకోవడానికి ఒక పూటా. సీ ప్లస్ ప్లస్ మీద పట్టు లేనివారికి మొదటి నెల కష్టంగానే ఉంటుంది. బలహీన రూపం (సమీకరణాల సమాకలన రూపం) స్వయంగా రాసుకుని, ఉష్ణోగ్రత, స్థానభ్రంశం, వేగం, పీడనం వంటి వేర్వేరు ప్రమాణాల రాశులను ఒకే వ్యవస్థలో సాధించేవారికి దీనిని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ఆ పలకకు చలరాశి వారీ షరతులు పెట్టి మళ్లీ నడిపినప్పుడు సాల్వర్ తొమ్మిదో ఇటరేషన్‌లో ఆగింది. బోల్టుల దగ్గర లేచిన ఎత్తు 20 మైక్రాన్ల దగ్గర కాదు, 26 దగ్గర స్థిరపడింది. నివేదిక రెండు రోజులు ఆలస్యంగా పంపాం. ఇప్పుడు మా ప్రతి రన్‌లోనూ ఇటరేషన్‌కు నాలుగు వరుసలు అచ్చవుతాయి, ఒక్కో వరుసలో ఆ చలరాశి పేరు, దాని రెసిడ్యువల్ తన మొదటి విలువలో ఎన్నో వంతు, దాని మార్పు ఎంత. ఉష్ణోగ్రత వరుసలో మార్పును 320తో కాక, లోపలికి వచ్చే నీటి ఉష్ణోగ్రత కన్నా పలక ఎంత వేడెక్కిందో దానితో భాగిస్తాం. ఆ చివరి సవరణ సూళ్లూరుపేట కుర్రాడిదే.